ఏ రైఫిల్ కొనాలో తర్వాత చూద్దాం

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరమిది. రాసినాయన వయసు ముప్పై నాలుగు. సొంతూరు గిద్దలూరు వైపు, నల్లమల అంచున ఒక పల్లె. హెచ్1బి ఉద్యోగ వీసా మీద అమెరికా వచ్చి ఆరేళ్లయింది. భార్య ఆయన మీద ఆధారపడ్డ హెచ్4 వీసా మీద ఉన్నారు. ఐదేళ్ల పాప, రెండేళ్ల బాబు.

ఆఫీసులో ఈయనతో పాటు పనిచేసే ఒక టెక్సాస్ పెద్దమనిషి మొన్న వేసవిలో టీమ్‌లో నలుగురిని తన మామగారి రాంచ్‌కు, అంటే పశువులు పెంచే పెద్ద పొలానికి, తీసుకెళ్లారట. కారులో రెండు గంటల దారి. అక్కడ పశువుల మేత కోసం పెంచుకున్న గడ్డి నేలను అడవి పందులు ఒక్క రాత్రిలో ట్రాక్టరు తోలినట్టు తిరగేశాయి. "అది చూడగానే మా వేరుశనగ చేను గుర్తొచ్చింది. నాన్న మంచె మీద పడుకుని రాత్రంతా డబ్బా కొడుతూనే ఉండేవాడు. చేను చుట్టూ అమ్మ పాత చీరలు కట్టేవాళ్లం. అయినా పొద్దున్నే వెళ్లి చూస్తే ఒక మూల మొత్తం పెకలించేసి ఉండేది" అని రాశారు. ఆ రోజు సాయంత్రం ఆ పెద్దమనిషి తన రైఫిల్ ఇస్తే ఈయన కంచె గుంజ మీద పెట్టిన డబ్బాల మీద నాలుగు తూటాలు కాల్చారు. రెండు తగిలాయి. ఆ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు.

ఇప్పుడు ఆ పెద్దమనిషి అక్టోబరులో వేటకు రమ్మంటున్నారు. "టెక్సాస్‌లో పందులకు లైసెన్సే అక్కర్లేదు, బూట్లు వేసుకుని వచ్చేయ్" అన్నారట. ఈయన సొంతంగా ఒక రైఫిల్, వీలైతే రాత్రిపూట వేడిని పట్టి చూపించే థర్మల్ స్కోప్ కొనాలనుకుంటున్నారు. "ఇంట్లోకి తుపాకీ వస్తే పిల్లల్ని తీసుకుని మా అక్క దగ్గరికి వెళ్లిపోతా" అని భార్య అంటున్నారు. ఊళ్లో ఉన్న అమ్మ ఫోన్‌లో, "మన ఇలవేల్పు అహోబిలం స్వామి. అక్కడ వరాహ నరసింహుడు కూడా ఉన్నాడు. ఆ జంతువు జోలికే ఎందుకు పోవాలిరా" అని బాధపడుతోందట. స్నేహితుల గ్రూపులో జోకులు సరేసరి.

ఏ రైఫిల్ కొనాలి, భార్యను ఎలా ఒప్పించాలి, ఇది పాపమా? ఈ మూడూ అడిగారు. చివర్లో ఇంకో వాక్యం, కొట్టేసి మళ్లీ రాసినట్టుంది: "తీరా పంది ఎదురుగా వచ్చాక నా చెయ్యి వణికితే ఆయన ముందు నా పరువు పోతుందేమో."

*

మీరు అడగని దాంతో మొదలుపెడతాను, ఎందుకంటే ముందు తేలాల్సింది అదే.

మీ కొలీగ్ అబద్ధం చెప్పలేదు. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, భూమి యజమాని ఒప్పుకుంటే, అడవి పందిని వేటాడటానికి లైసెన్సు అక్కర్లేదు. ఆయనకు అక్కర్లేదు, వాళ్ల మామగారికి అక్కర్లేదు. మీకు మాత్రం కావాలి. అది పంది కోసం కాదు, తుపాకీ కోసం.

వేట నియమాలు రాష్ట్రానివి. మీ చేతిలో తుపాకీ ఉండొచ్చా లేదా అన్నది ఫెడరల్ చట్టం చూసుకుంటుంది. నాన్ ఇమిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలికంగా ఉండటానికి ఇచ్చే వీసా, మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని 1998లో ఫెడరల్ చట్టంలో చేర్చారు. హెచ్1బి, హెచ్4, చదువుకోవడానికి వచ్చినవాళ్ల ఎఫ్1, చూడటానికి వచ్చే అమ్మానాన్నల బి2, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లు రారు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మీకు పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు మీ దగ్గర ఉండాలి. విచిత్రం చూడండి. టెక్సాస్ అక్కర్లేదన్న కాగితమే వాషింగ్టన్ ముందు మిమ్మల్ని కాపాడే కాగితం.

"దగ్గర పెట్టుకోవడం" అంటే కొనుక్కోవడమే కాదు. ఇంకొకరి రైఫిల్‌ను పది నిమిషాలు చేతిలో పట్టుకున్నా ఆ మాట కిందికే వస్తుంది. షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా అంతే. కాబట్టి ఆ నాలుగు తూటాల సంగతి, ఆ ఫొటో సంగతి కూడా మీ ఇమిగ్రేషన్ లాయరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ ఫొటోను ఏం చేయాలన్నది కూడా ఆయన్నే అడగండి, మీ అంతట మీరు ఏమీ చేయకండి. లాయరు చూసేదాకా రేంజ్‌కు కూడా వెళ్లకండి. మిమ్మల్ని టెన్షన్ పెట్టాలని కాదు. డబ్బాల మీద కాల్చిన ప్రతివాడినీ పట్టుకెళ్తున్నారని నేననడం లేదు. కానీ ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 2022లో పదిహేనేళ్లకు పెంచారు. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. ఆరేళ్లుగా గ్రీన్ కార్డు లైన్లో నిలబడ్డవాళ్లు ఒక పంది కోసం ఆ రిస్కు తీసుకోనక్కర్లేదు.

దారి మూసుకుపోలేదు. టెక్సాస్‌లో వరసగా ఆరు నెలలకు పైగా ఉన్నారు కాబట్టి మీరు స్థానికుల కిందే లెక్క, వేట లైసెన్సు పాతిక డాలర్లు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. పదిహేడు దాటినవాళ్లు ఆన్‌లైన్‌లోనే పూర్తిచేయొచ్చు. ఒక ఏడాదికి వాయిదా వేసుకునే వెసులుబాటు కూడా ఉంది గానీ, మీలాంటి కొత్తవారు దాన్ని వాడుకోవద్దనే నా సలహా. తూటా ఎక్కడిదాకా పోతుంది, కంచె దాటేటప్పుడు రైఫిల్ ఎలా అందించుకోవాలి, ముగ్గురు నడుస్తుంటే మొన ఎటు ఉండాలి, ఇవన్నీ అందులోనే నేర్పుతారు. ఇంకొకటి: లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో చెల్లిపోతుంది. మీరు సొంత రైఫిల్ కొని ఇంట్లో పెట్టుకుని, సెప్టెంబరు 1న కొత్త లైసెన్సు మరిచిపోయారనుకోండి. బీరువాలో ఉన్న రైఫిల్ ఆ తెల్లవారికల్లా నేరమైపోతుంది. వేటకు వెళ్లినా వెళ్లకపోయినా.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. ఆమెను ఎలా ఒప్పించాలని అడిగారు. ఆమె మాటలో న్యాయం ఎంతుందని అడిగి ఉంటే బాగుండేది. హెచ్4 మీద ఉన్న ఆమెకూ ఇదే చట్టం. ఇంట్లో మీ రైఫిల్ ఉండి, దాన్ని పెట్టిన పెట్టె తాళం నంబరు ఆమెకూ తెలిస్తే, అది ఆమె దగ్గరా ఉన్నట్టేనా అని ఎవరైనా అడగొచ్చు. ఆ ప్రశ్న కూడా లాయరు ముందు పెట్టండి. పైగా రెండేళ్ల బాబు. పిల్లల చేతికి అందేలా తుపాకీ వదిలేస్తే టెక్సాస్‌లో అది విడిగా నేరం. ఆమె పందుల గురించి మాట్లాడటం లేదు, బీరువా గురించి మాట్లాడుతున్నారు. మీరేమో ఆమెకు పందుల కథ చెబుతున్నారు.

ఇద్దరికీ కుదిరే దారి ఒకటి కనిపిస్తోంది. మొదటి ఏడాది ఏదీ కొనకండి. లైసెన్సు చేతికొచ్చాక, లాయరు సరేనన్నాక, మీ కొలీగ్ రైఫిల్‌నే రాంచ్‌లో, ఆయన పక్కన ఉండగా వాడండి, అక్కడే అప్పజెప్పి రండి. మీ ఇంటికి మట్టి బూట్లు తప్ప ఏదీ రాదు. అలా ఏడాది గడిచాక కొనాలా వద్దా అన్నది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఇబ్బంది ఏమిటంటే, ప్రతిసారీ ఆయన మీద ఆధారపడాలి, ఆయన తీరిక చూసుకోవాలి. ఆ ఇబ్బంది నాకు మంచిదే అనిపిస్తోంది, మొదటి ఏడాది ఒంటరిగా వెళ్లకూడదు కాబట్టి.

తుపాకీ లేని దారి ఇంకొకటుంది: విల్లు, లేదా తుపాకీలా మీట నొక్కి బాణం వదిలే క్రాస్‌బో. నేను చెప్పిన ఫెడరల్ నిషేధం తుపాకులకే, విల్లుకు వర్తించదు. కానీ విల్లుతో పందికి పాతిక ముప్పై గజాల దగ్గరికి పోవాలి, నెలల తరబడి సాధన కావాలి. గురి తప్పితే జంతువు పడే బాధ ఎక్కువ. అక్టోబరుకల్లా అయ్యే పని కాదు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన చోటు చెబుతాను. నాన్నగారి చేను, ఆ రైతు గడ్డి నేల. అది చదివితే మీరు రైతు కష్టం తీర్చడానికి వేటకు పోతున్నట్టుంది. అది నిజమో కాదో మీకే తెలియాలి. ఆ రెండూ వేర్వేరు పనులు, వేర్వేరు పనిముట్లు కావాలి.

పంది ఈనటానికి పట్టేది నాలుగు నెలల లోపే. పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలలకే అదీ చూలు కట్టగలదు. ఈతకు ఐదారు పిల్లలు మామూలు. టెక్సాస్‌లో ఇరవై లక్షలకు పైగా ఉన్నాయని అంచనా. ఉన్న సంఖ్య పెరగకుండా నిలబెట్టాలంటేనే ఏటా మూడింట రెండు వంతుల దాకా తీసేయాలని నిపుణులు లెక్కగట్టారు. మీరు, మీ కొలీగ్ కలిసి అక్టోబరులో రెండు పందుల్ని కొడితే గుంపులో మిగతావి చెల్లాచెదురై పక్క రాంచ్‌లో చేరతాయి, లేదా రాత్రి రెండింటికి తప్ప బయటికి రావడం మానేస్తాయి. మిస్సోరిలో కన్జర్వేషన్ శాఖ అందుకే, పంది కనిపిస్తే కాల్చకండి, మాకు చెప్పండి అంటుంది. చేను కాపాడేది బోను. గుండ్రటి పెద్ద బోనులో రోజుల తరబడి మొక్కజొన్న పోసి, గుంపు మొత్తం లోపలికి రావడం అలవాటు పడ్డాక, కెమెరాలో లెక్క చూసుకుని ఒక్కసారిగా తలుపు వేస్తారు. చిన్న పిల్ల బయట ఉన్నా తలుపు వేయరు. ఆ ఓపిక ఉన్నవాడే రైతుకు ఉపయోగపడతాడు.

మీ మనసు నిజంగా ఆ గడ్డి నేల మీదే ఉంటే, మీ కొలీగ్ మామగారిని అడగండి: బోను పెట్టే ఆలోచన ఉందా, శనివారాల్లో వచ్చి సాయం చేయనా అని. ప్యానెళ్లు మోయడం, గింజలు పోయడం, కెమెరా చూడటం. దీనికి మీకు లైసెన్సు గొడవ లేదు, మీ ఆవిడకు అభ్యంతరం ఉండదు. బోనులో పడ్డవాటిని కాల్చడం వాళ్ల పని. వాటిని బతికుండగా ఇంకో చోటికి తరలించాలంటే దానికి వేరే కఠినమైన నియమాలున్నాయి, ఆ జోలికి పోకండి.

కాదు, నాకు వేటే కావాలి, ఆ మంచె మీద కూర్చోవాలి, ఎదురుచూడాలి, కొట్టాలి అంటారా? అలా అనుకోవడంలో తప్పులేదు. అలాగే చెప్పండి. మీ ఆవిడతోనూ, అమ్మతోనూ రైతు కోసం అని చెప్పకండి. రైతు పేరు చెప్పి వెళ్లినవాడు ఖాళీ చేతులతో వచ్చినప్పుడు సిగ్గుపడతాడు. వేటకని వెళ్లినవాడికి ఆ బాధ ఉండదు, ఎందుకంటే చాలా రోజులు వేటంటే ఖాళీ చేతులే.

నేను శాన్ ఆంటోనియో దగ్గర ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను. నా మొదటి పందిని మధ్యాహ్నం నుంచి ఎదురుచూసి, సూర్యుడు దిగాక, చూపు సరిగ్గా ఆనని వెలుతురులో కొట్టాను. తూటా కడుపులో తగిలింది. అది ముళ్లపొదల్లోకి పోయింది. రాత్రి పదకొండు దాకా టార్చి వేసుకుని ఆకుల మీద నెత్తురు చుక్కలు వెతుకుతూ తిరిగాం. వాగు దగ్గర చుక్కలు ఆగిపోయాయి. మర్నాడు పొద్దున రాబందులు చూపించాయి, ఎక్కడుందో. మాంసం పనికిరాలేదు. నా పక్కనున్న పెద్దాయన ఒక్క మాట అనలేదు, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడంతే. ఆరు నెలలు నేను మళ్లీ వెళ్లలేదు. అందుకే కింద చెప్పేవి కాస్త చాదస్తంగా అనిపిస్తే సర్దుకోండి.

మొదటి రెండు మూడుసార్లు తుపాకీ లేకుండా పోండి. లైసెన్సు రాకముందే చేయగలిగిన పని ఇది. పంది ఎక్కడ తిరుగుతోందో నేల చెబుతుంది. ముట్టెతో తవ్విన మట్టి తాజాగా తడిగా ఉందా, ఎండి పెళ్లలు కట్టిందా? ముళ్లతీగ కంచె కింది తీగను చూడండి. పంది దూరిన చోట బురద, రెండు మూడు గరుకు వెంట్రుకలు అంటుకుని ఉంటాయి. నీటి గుంట పక్కన పొర్లిన గుంత, దగ్గర్లోనే ఒళ్లు రుద్దుకున్న చెట్టు. దాని మీద బురద ఎంత ఎత్తుదాకా ఉందో చూస్తే ఆ పంది ఎంతటిదో తెలుస్తుంది. తారు లాంటి నూనె పూసిన కరెంటు స్తంభాలంటే వాటికి మహా ఇష్టం. అడుగుజాడ జింకది గుండెకాయ ఆకారంలో మొన తేలి ఉంటుంది, పందిది మొద్దుగా గుండ్రంగా ఉంటుంది. ఇవి చదవడం వచ్చాక సగం వేట వచ్చినట్టే.

మీ నాన్నగారి మంచెను అక్కడ స్టాండ్ అంటారు, నాలుగు పక్కలా గోడలుంటే బ్లైండ్. పేరు మారింది గానీ సూత్రం ఒకటే. పందికి చూపు తక్కువ, వినికిడి బాగా ఉంటుంది, వాసన పట్టడంలో దానికదే సాటి. గాలి మీ నుంచి దాని వైపు వీస్తుంటే మీరెంత రంగురంగుల ఆకుల చొక్కా వేసుకున్నా దండగ. గాలి దాని నుంచి మీ వైపు రావాలి. ఆ సాయంత్రం గాలి తిరిగిందంటే దిగి ఇంటికి వచ్చేయడమే.

గురి గురించి. జింకను కొట్టే లెక్క పందికి పనికిరాదు. పంది గుండె, ఊపిరితిత్తులు కిందికీ ముందుకీ ఉంటాయి. పక్కవాటుగా నిలబడినప్పుడు ముందుకాలి వెంటే, ఒంటి ఎత్తులో కింది మూడో వంతులో తగలాలి. నాలాగా వెనక్కి కొడితే రాత్రంతా టార్చి వేయాలి. ముదిరిన మగ పందికి భుజాల మీద డాలులాంటి మందపాటి పొర ఉంటుంది, అందుకే బలమైన తూటా అంటారు. ఏ రైఫిల్ అని మీరడిగారు కదా. .243, .308, 6.5 క్రీడ్‌మోర్, పాతకాలపు .30-30, ఇవి తూటా రకాల పేర్లు; వీటిలో ఏదో ఒకటి కాల్చే రైఫిల్ మీ కొలీగ్ దగ్గర ఉంటే అది చాలు. కొత్తవారికి ఎక్కువ తన్నని రైఫిల్ మంచిది, భుజం నొప్పికి భయపడి కళ్లు మూసుకునేవాడి గురి కుదరదు. చెవులకు రక్షణ తప్పనిసరి.

రేంజ్‌లో (లైసెన్సు జేబులో ఉండగానే సుమా) ఆరంగుళాల కాగితం ప్లేటు పెట్టండి. వేటలో ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని కాల్చండి. వరసగా ఐదు తూటాలూ ప్లేటులో పడే దూరం ఎంతో అదే మీ దూరం. అది యాభై గజాలైతే యాభై. అరవై గజాల్లో ఎంత పెద్ద పంది నిలబడ్డా అది మీది కాదు.

థర్మల్ స్కోప్ ఇప్పుడొద్దు. ఖర్చు ఒకటే కాదు కారణం. ప్రైవేటు భూమిలో రాత్రి పందుల వేటకు టెక్సాస్‌లో అనుమతి ఉంది, నిజమే. కానీ రాత్రిపూట తెరలో పంది తెల్లగా వెలుగుతూ కనిపిస్తుంది, దాని వెనకాల ఏముందో కనిపించదు. రైఫిల్ తూటా మైళ్ల దూరం పోతుంది. వెనక ఆవుల మంద ఉండొచ్చు, పక్క రాంచ్‌వాళ్ల ఇల్లు ఉండొచ్చు. పొద్దు వాలే వేళ, తెల్లవారు జామున, కంటితో చూసి, వెనక మట్టిగట్టు ఉంటేనే కాల్చండి. ఇంకో హెచ్చరిక: దక్షిణ, పశ్చిమ టెక్సాస్ వైపు ఎప్పుడైనా వెళ్తే జావలీనా అని పందిలాంటిదే ఒకటి తిరుగుతుంది. చిన్నది, మెడ చుట్టూ తెల్లటి పట్టీ. అది పంది కాదు, దానికి సీజను, పరిమితి, లైసెన్సు అన్నీ ఉన్నాయి. మసక వెలుతురులో పొరపాటు పడతారు.

టెక్సాస్ నేలలో దాదాపు తొంభై ఐదు శాతం ప్రైవేటుది. కంచె గుంజల మీద, చెట్ల మీద ఊదారంగు గీతలు కనిపిస్తే అవి అలంకారం కాదు, లోపలికి రావొద్దని అర్థం. గాయపడ్డ పంది ఆ గీత దాటినా మీరు దాటకూడదు. ముందు ఆ యజమానికి ఫోన్ చేయాలి. గాయపడ్డదాన్ని వెంటనే తరమకండి, అరగంట ఆగండి. కోరలు బ్లేడుల్లా ఉంటాయి, అవి తగిలేది సరిగ్గా మోకాలి ఎత్తున.

పంది పడ్డాక పని మొదలవుతుంది. కోసేటప్పుడు చేతులకు గ్లవ్స్ ఉండాలి. బ్రూసెల్లోసిస్ అనే జబ్బు పంది రక్తం, లోపలి భాగాల నుంచి చిన్న గాయం ద్వారా మనిషికి ఎక్కుతుంది. వస్తూ పోతూ ఉండే జ్వరం, కీళ్ల నొప్పులు. తర్వాతెప్పుడైనా అలా వస్తే డాక్టరుకు "పందిని కోశాను" అని ముందే చెప్పండి, లేకపోతే ఆయనకు తట్టదు. మాంసం లోపలి దాకా 160 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 71 సెల్సియస్, ఉడకాలి. మన కుక్కర్‌కి అదో లెక్క కాదు. టెక్సాస్ ఎండలో ఐసు పెట్టె ముందే సిద్ధం చేసుకోండి. ముసలి మగ పంది ఎంత ఉడికించినా ఒక వాసన వదలదు. పడుచు ఆడ పంది మాంసం బాగుంటుంది. మీ వంటింట్లో వద్దంటే రాంచ్‌లోనే వండుకుని తినేసి రండి, మీ కొలీగ్‌కి గోంగూర సీసా ఒకటి పట్టుకెళ్లండి. నేను అలాగే చేస్తాను.

పాపమా అని అడిగారు. తిరుమలలో ముందు వరాహస్వామిని చూసి తర్వాతే వెంకన్న దగ్గరికి వెళ్లే ఆచారం మాది కూడా, ఈ ప్రశ్న నా మనసులోనూ తిరిగింది. ఆదివారం కోడిని కొనుక్కొచ్చి తినేవాణ్ణి, ఇక్కడ మాత్రం చేతులు కడుక్కోవడం సబబు కాదనిపించింది. ఇది నా లెక్క. మీ అమ్మగారి లెక్క వేరు, ఆమెను వాదనలో గెలవాల్సిన పనిలేదు. ఆమెకు తెలియకుండా చేసి, తర్వాత ఫొటోలో దొరికిపోవడం మాత్రం వద్దు. చెప్పి వెళ్లండి. లేదా ఆమె మనసు నొప్పించడం ఇష్టం లేకపోతే బోను పని దగ్గరే ఆగండి, అదీ గౌరవమైన పనే.

స్నేహితుల జోకులకు నా దగ్గర మందు లేదు.

చెయ్యి వణకడం గురించి. వణుకుతుంది. నాకిప్పటికీ వణుకుతుంది, మొదట్లో కంటే తక్కువ. వణికినప్పుడు కాల్చకుండా రైఫిల్ దించేసినవాణ్ణి చూసి మంచి వేటగాడు ఎవడూ నవ్వడు. మీ కొలీగ్ నవ్వితే, ఆయనతో వేటకు వెళ్లకూడదని మీకు తెలిసిపోతుంది. ముందే ఆయనతో అనండి: "మొదటిసారి నాకు కాల్చాలనిపించకపోవచ్చు, ఊరికే కూర్చుంటాను, పరవాలేదా?" ఈ ఒక్క మాటతో మీ భయం సగం దిగుతుంది. మీ హెచ్1బి సంగతి, లైసెన్సు సంగతి కూడా అప్పుడే చెప్పండి. చాలామంది టెక్సాస్ వాళ్లకు ఈ నియమం ఉందనే తెలియదు, తెలిస్తే వాళ్లే జాగ్రత్త పడతారు.

ఒకటి మాత్రం ఇప్పుడే చెప్పాలి. ఇక్కడ నేర్చుకున్నది రేపు ఊరెళ్లి మన చేలో చేద్దామన్న ఊహ మీ ఉత్తరంలో ఒక మూల తొంగిచూసింది. వద్దు. ఇక్కడ పంది బయటి నుంచి వచ్చి పడ్డ జంతువు. స్పెయిన్ వాళ్లు పదహారో శతాబ్దంలో ఓడల్లో తెచ్చారు. నల్లమలలో అది అక్కడి అడవిదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పంట పాడుచేసినా అధికారుల అనుమతి లేకుండా కొట్టకూడదు. కరెంటు తీగ పెడితే పందులతో పాటు మనుషులూ పోతున్నారు, అది మీకు నేను చెప్పాలా.

ఈ వారం చేయగలిగినవి: లాయరుకు ఫోన్, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సులో పేరు, మీ ఆవిడతో ఆ బీరువా గురించి ఒక మాట. వీలైతే పగటిపూట ఆమెనూ పిల్లల్నీ ఆ రాంచ్‌కు తీసుకెళ్లి గడ్డి నేల చూపించండి. తర్వాత నాన్నగారికి ఫోన్ చేసి, వేరుశనగ చేలోకి పందులు ఎప్పుడూ ఒకే మూల నుంచి ఎందుకు వచ్చేవో అడగండి. అటు వాగు ఉండేదా, గాలి అటు వీచేదా, పొదలు దగ్గరగా ఉండేవా? ఆయన చెప్పింది ఒక కాగితం మీద రాసుకుని, తర్వాతిసారి రాంచ్‌లో కంచె కింది తీగ దగ్గర నిలబడి చూడండి.